తెల్లారుజామున ఒక మీట

పొద్దున్న అయిదూ పదికి ఫోన్ మోగిందంటే అది పాలకేంద్రం నుంచే. ఒంగోలులో మా ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు. ఎత్తగానే అవతల క్యాన్ల చప్పుడు, ఎవరిదో దగ్గు, దూరంగా గేదె అరుపు, వాటన్నిటి మీదుగా సెక్రటరీ అక్క గొంతు. "తమ్ముడూ, కాటా బానే చూపిస్తంది. వెన్నా చూపిస్తంది. స్లిప్పే రావట్లా. ముప్పై మంది లైన్లో ఉన్నారయ్యా."

నేను ఒక పాల సంస్థలో కంప్యూటర్లు చూసుకుంటాను. 46 ఊళ్లలో మాకు కేంద్రాలున్నాయి. ఒక్కో కేంద్రంలో ఒక ఎలక్ట్రానిక్ కాటా, వెన్న శాతం చెప్పే మిషను, చిన్న స్లిప్పుల ప్రింటరు, ఈ మూడింటినీ కలిపే అరచేతంత కంప్యూటరు ఉంటాయి. దాన్ని అందరం పెట్టె అనే అంటాం. లోపల నడిచేది డెబియన్ లినక్స్. రైతు నంబరు కొట్టి పాలు పోస్తే ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, దాన్ని బట్టి ధర ఎంత పడుతుందో లెక్కేసి స్లిప్పు ఇస్తుంది. పది రోజుల స్లిప్పులు కలిపితే వచ్చే మొత్తమే ఆ ఇంటి బ్యాంకు ఖాతాలో పడుతుంది. వెన్న ఏడు వచ్చిందా ఏడున్నర వచ్చిందా అన్న తేడాతో కిరాణా కొట్టు బాకీ తీరే ఇళ్లు అవి. అందుకే స్లిప్పు చేతికి రానిదే ఎవరూ కదలరు. కదలకూడదు కూడా.

జబ్బు చిన్నదే. కరెంటు రెప్పపాటు పోయి వస్తే ప్రింటరు ఆగి మళ్లీ లేస్తుంది. స్లిప్పులు కొట్టే ప్రోగ్రాంకు మాత్రం ఆ సంగతి తెలియదు. పాత ప్రింటరు కోసమే కాచుకుని కూర్చుంటుంది. దాన్ని ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. నేను పక్క మీదే లాప్‌టాప్ తెరిచి, ఆ ఊరి పెట్టెలోకి లాగిన్ అయి, ఒక లైను కొట్టేవాణ్ని. నాలుగు సెకన్లలో ప్రింటరు కిర్రుమనేది. ఫోన్లో ఆ చప్పుడు నాకూ వినపడేది.

నాకు నాలుగు సెకన్లు. అక్కకు మాత్రం నన్ను లేపి, నేను లేచి, నెట్ దొరికి, అంతా అయ్యేసరికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో కూలికి పోవాల్సిన ఆడవాళ్లు ఆటో తప్పిపోతారు. వేసవిలో క్యాన్లో పాలు పులుపెక్కడం మొదలవుతుంది. నేను బస్సులో ఉన్న రోజులూ, జ్వరంతో పడుకున్న రోజులూ ఉన్నాయి. మా చెల్లెలి పెళ్లిలో తలంబ్రాల వేళ ఫోన్ జేబులో కొట్టుకుంటూనే ఉంది. ఒక్క లైను కొట్టగలిగే మనిషి 46 ఊళ్లకు ఒక్కడే ఉండటం అన్యాయమని ఆ రోజు గట్టిగా అనిపించింది. ఆ లైనును ఒక వెబ్ పేజీలో మీటగా పెట్టి, రూట్ సూపర్‌వైజర్లకీ సెక్రటరీలకీ ఇచ్చేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. రూట్ సూపర్‌వైజరంటే పాల వ్యాను వెంట కేంద్రాలు తిరిగే మనిషి. అందరి చేతిలోనూ ఫోన్ ఉంది. మీట నొక్కడం అందరికీ వచ్చు.

ఆ మీట వెనక ఏం జరుగుతుందో చెప్పాలంటే ముందు షెల్ సంగతి చెప్పాలి. మనం కీబోర్డు మీద కొట్టిన లైను చదివి, కంప్యూటరు చేత ఆ పని చేయించే ప్రోగ్రాం అది. ఆ పేరు 1960లలో లూయీ పూజాన్ అనే ఫ్రెంచి ఇంజనీరు పెట్టింది. యూనిక్స్‌కు మొదటి షెల్‌ను 1971లో కెన్ థాంప్సన్ రాశాడు. మా పెట్టెల్లో ఉండే బాష్ 1989 నాటిది. లైను చేతికి రాగానే షెల్ ఖాళీలున్న చోటల్లా దాన్ని ముక్కలు చేస్తుంది. మొదటి ముక్క ఏ ప్రోగ్రాం పేరో చూసి దాన్ని పిలుస్తుంది. మిగతా ముక్కలు దాని చేతిలో పెడుతుంది. కొన్ని గుర్తులకు మాత్రం ప్రత్యేకమైన అర్థాలున్నాయి. నక్షత్రం పెడితే అన్నీ అని. సెమికోలన్ పెడితే ఈ పని అయ్యాక ఆ పక్కది కూడా చెయ్యమని. షెల్ ఎదురు ప్రశ్న వెయ్యదు. చెరిపెయ్యమంటే చెరిపేస్తుంది. తెలిసినవాడి చేతిలో ఇంత సూటి పనిముట్టు ఇంకోటి లేదు, అందుకే నాకు అదంటే ప్రాణం.

ఆ షెల్ ఎక్కడో కనిగిరి అవతల ఊళ్లో ఉంటే ఒంగోలు నుంచి దాన్ని చేరడానికి ఎస్‌ఎస్‌హెచ్ అనే దారి ఉంది. 1995కు ముందు దూరపు కంప్యూటర్లలోకి ఎక్కువమంది టెల్నెట్‌తోనో, ఆర్‌లాగిన్‌తోనో వెళ్లేవాళ్లు. టెల్నెట్‌లో కొట్టిన పాస్‌వర్డు పోస్టుకార్డు మీద రాసినట్టు దారిలో ఎవరైనా చదివేలా పోయేది. ఫిన్లండ్‌లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్ మీద ఎవరో కూర్చుని అలాగే పాస్‌వర్డులు ఏరుకున్నారు. అక్కడ పనిచేస్తున్న టాటు యులోనెన్ అది చూసి తన అవసరానికి ఎస్‌ఎస్‌హెచ్ రాసుకున్నాడు, 1995 జులైలో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది 21వ నంబరు పోర్టు, టెల్నెట్‌ది 23. ఆ రెండింటికీ బదులుగా తనది నిలబడాలని మధ్యలో ఉన్న 22 ఇమ్మని నంబర్లు కేటాయించే వాళ్లకు ఒక ఈమెయిల్ రాశాడు. మర్నాడే ఇచ్చారు. ఆ ఏడాది చివరికే 50 దేశాల్లో 20,000 మంది దాన్ని వాడుతున్నారు. ఈ రోజు మేమంతా వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను ఓపెన్‌బీఎస్‌డీ బృందం 1999లో తెచ్చింది.

దీనిలో పాస్‌వర్డు అక్కర్లేకుండా తాళం కప్ప, తాళంచెవి పద్ధతి ఒకటి ఉంది. తాళం కప్ప ఎవరికైనా ఇవ్వొచ్చు. 46 పెట్టెలకూ నా కప్పే వేశాను. చెవి మాత్రం నా దగ్గరే ఉంటుంది, పెట్టె దాకా అది ఎప్పుడూ ప్రయాణం చెయ్యదు. నా దగ్గర చెవి ఉందని లెక్కతో రుజువు చేస్తే చాలు, తలుపు తెరుచుకుంటుంది. పెట్టె కూడా తాను ఫలానా ఊరి పెట్టెనేనని తన వేలిముద్ర చూపిస్తుంది. మొదటిసారి ఆ వేలిముద్రను సరిచూసి దాచుకోవాలి. కొత్తవాళ్లు కంగారులో అక్కడ అవునని కొట్టేసి ముందుకు పోతారు. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు నేను మొదట మాన్పించే అలవాటు అదే.

మా పెట్టెలు సిమ్ కార్డుతో నెట్‌కు ఎక్కుతాయి. మొబైల్ కంపెనీలు వేల ఫోన్లను ఒకే బయటి చిరునామా వెనక ఉంచుతాయి కాబట్టి బయటి నుంచి ఫలానా పెట్టెను పిలవడం కుదరదు. అందుకని పెట్టే ముందు మమ్మల్ని పిలుస్తుంది. వైర్‌గార్డ్ అనే సొరంగం ఒకటి మా సర్వరు దాకా తవ్వుకుని, 25 సెకన్లకోసారి ఉన్నానంటూ పలకరిస్తూ ఉంటుంది. ఆ సొరంగంలోంచే మేం వెనక్కి వెళ్తాం.

ఇవన్నీ కుదిరాక మొదటి పేజీని ఒక్క రాత్రిలో రాశాను. మీట నొక్కగానే పేజీ వెనకున్న ప్రోగ్రాం ఒక లైను కూర్చి, ఎస్‌ఎస్‌హెచ్‌లో ఆ పెట్టెకు పంపేది. మర్నాడు పొద్దున్నే చీమకుర్తి రూటు సూపర్‌వైజరు దాన్ని నొక్కాడు, ప్రింటరు లేచింది. అక్క ఫోన్ చేసి "నిద్రపో తమ్ముడూ, మేమే చేసుకున్నాం" అంది. ఆ మాట విన్న ఆనందంలో నేను ఇంకో మీట పెట్టాను.

పాత నెలల స్లిప్పులు పెట్టెలో పేరుకుపోయి చోటు నిండిపోతుండేది. పేజీలో ఒక గడి పెట్టి, అందులో ఏ నెలవి తీసెయ్యాలో కొడితే ఆ నెల ఫోల్డరు చెరిగిపోయేలా రాశాను. ప్రోగ్రాంలో ఉన్నదల్లా ఒక్క లైను. స్లిప్పుల ఫోల్డరు దారి, దాని చివర గడిలో కొట్టిన నెల, ముందు చెరిపెయ్యమన్న ఆజ్ఞ. మూడూ కలిపి కుట్టి షెల్‌కు ఇవ్వడమే.

ఒక సాయంత్రం సిగ్నల్ సరిగా లేని చోట ఒక సూపర్‌వైజరు పేజీ తెరిచాడు. పేజీ సగమే వచ్చింది. గడి ఖాళీగా ఉంది. అతను మీట నొక్కాడు. నెల లేకపోయేసరికి నా లైనులో మిగిలింది స్లిప్పుల ఫోల్డరు దారి ఒక్కటే. మొత్తం ఫోల్డరును చెరిపెయ్యమని నేనే చెప్పినట్టయింది. షెల్ చెరిపేసింది. ఆ ఊళ్లో అప్పటికి మూడు రోజులుగా నెట్ సరిగా లేక కొత్త స్లిప్పులు మా సర్వరుకు చేరలేదు. మూడు రోజులు, రెండు పూటలు, ఆరు పూటల పాలు ఎవరు ఎన్ని పోశారో ఎక్కడా లేకుండా పోయింది.

సూపర్‌వైజరు తప్పు ఇందులో ఇసుమంత లేదు. ఖాళీ గడితో నొక్కగలిగే మీట పెట్టింది నేను. మర్నాడు ఆ ఊరు వెళ్లి కేంద్రం అరుగు మీద రెండు రోజులు కూర్చున్నాను. 112 మంది రైతులు. ఎవరి దగ్గర కాగితం స్లిప్పులున్నాయో తెచ్చి ఇమ్మని అక్క మైకులో చెప్పించింది. కొందరు బిస్కెట్ల డబ్బాలోంచి తీసుకొచ్చారు. ఒకావిడ దేవుడి పటం వెనక నుంచి తెచ్చింది, పసుపు అంటుకుని ఉన్నాయి. ఇంకొకాయన చూరులో దోపిన కట్ట తెచ్చాడు. వాటిని ఒక్కొక్కటే చూసి మళ్లీ ఎక్కించాం. తొమ్మిది మంది దగ్గర ఏ కాగితమూ లేదు. వాళ్లకు అంతకుముందు వారం సగటు కట్టి ఇవ్వాలని పాలకేంద్రం కమిటీ తీర్మానించింది. ఆ తొమ్మిది మందిలో ఒకామె గేదె ఆ మూడు రోజుల్లోనే పాలు పెంచింది. సగటు కడితే ఆమెకు నష్టం. నోటు పుస్తకంలో అక్క చేత్తో రాసిపెట్టుకున్న లెక్క ఒకటి దొరకబట్టి ఆమెకు న్యాయం జరిగింది. తప్పంతా నాదేనని కమిటీ ముందు చెప్పుకున్నాను. వాళ్లు నన్నేమీ అనలేదు. ఆ రాత్రి వ్యానులో తిరిగి వస్తూ ఆ ఒక్క లైనును ఎన్ని రకాలుగా రాయకూడదో ఆలోచిస్తూనే ఉన్నాను.

అక్కడ జరిగింది మంచి మనిషి ఖాళీగా వదిలిన గడితో. చెడ్డవాడు ఆ గడిలో నెల కొట్టి, పక్కన సెమికోలన్ పెట్టి, తనకు కావలసిన ఆజ్ఞ రాస్తే? నా ప్రోగ్రాం దాన్ని కూడా కుట్టి పంపేది. నెల ఎక్కడ ముగిసిందో, ఆజ్ఞ ఎక్కడ మొదలైందో షెల్‌కు తెలిసే దారి లేదు. దానికి అంతా ఒకే లైను. మా రంగంలో దీన్ని కమాండ్ ఇంజెక్షన్ అంటారు. వెబ్ పుట్టినప్పటి నుంచీ ఉన్న రోగం ఇది.

గడిలో చెడ్డ గుర్తులు రాకుండా జల్లెడ పడితే చాలదా అని ఎవరికైనా తోస్తుంది. నాకూ అదే తోచింది. తొలినాళ్ల వెబ్ సర్వర్లు ఎన్‌సీఎస్‌ఏ, అపాచీలతో పాటు ఫోన్ నంబర్లు వెతికిపెట్టే పీహెచ్‌ఎఫ్ అనే చిన్న ప్రోగ్రాం నమూనాగా వచ్చేది. అందులో ఈ జల్లెడ ఉంది. సెమికోలన్, నిలువు గీత, అన్నీ ఆపింది. కొత్త లైను గుర్తు ఒక్కటి మర్చిపోయింది. ఎంటర్ కొడితే షెల్‌కు అదీ కొత్త ఆజ్ఞే. 1996లో ఆ కన్నంలోంచి దూరి ఎన్నో సర్వర్ల పాస్‌వర్డు ఫైళ్లు లాగేశారు.

2014 సెప్టెంబరు 24 నాకు ఇంకా బాగా గుర్తు. అప్పుడు నేను హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులో ఉన్నాను. స్టెఫాన్ షజెలాస్ అనే అతను బాష్‌లో కనిపెట్టిన లోపం ఆ రోజు బయటపెట్టారు. షెల్‌షాక్ అని పేరు పడింది. ఒక ప్రోగ్రాం బాష్‌ను పిలిచేటప్పుడు చుట్టూ ఉన్న వివరాలను కొన్ని చీటీలుగా దానికి అందిస్తుంది. మామూలుగా బాష్ ఆ చీటీలను చదివి పక్కన పెట్టుకోవాలి. ఒక పద్ధతిలో రాసిన చీటీ వస్తే మాత్రం చివర తగిలించిన ఆజ్ఞను కూడా నడిపేసేది. పాత రకం వెబ్ సర్వర్లు బ్రౌజరు తన పేరు చెప్పుకునే వాక్యాన్ని కూడా అలాంటి చీటీగా లోపలికి పంపేవి. అంటే ఏ గడీ నింపక్కర్లేదు, పేజీ తెరవడానికి వచ్చినవాడు తన పేరు చెప్పే చోట ఆజ్ఞ రాసుకొస్తే చాలు. ఆ లోపం 1989 నుంచి అక్కడే ఉంది. పాతికేళ్లు. ఆ రాత్రి మేం నలుగురం తెల్లారేదాకా ఒక్కో సర్వరు సరిచేసుకుంటూ కూర్చున్నాం.

జల్లెడ మీద నమ్మకం పోయాక మిగిలేది ఒకటే. మనుషులు కొట్టిన మాట షెల్ నోటి దాకా వెళ్లనే కూడదు. పైథాన్‌లో గానీ ఇంకే భాషలో గానీ ఒక లైను కుట్టి ఇచ్చే బదులు ముక్కలను జాబితాగా ఇచ్చే పద్ధతి ఉంది. ఇది ప్రోగ్రాం పేరు, ఇది నెల అని విడివిడిగా ఇస్తే మధ్యలో షెల్ ఉండదు. నెల గడిలో ఎవరు ఏం రాసినా అది ఒక ముక్కగానే వెళ్తుంది. మన కంప్యూటరులో నడిపే పనికి ఇది బంగారం లాంటి పద్ధతి.

దూరపు కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికే అనుభవజ్ఞులు కూడా జారిపడతారు. ఎస్‌ఎస్‌హెచ్‌కు మనం ముక్కలుగా ఇచ్చినా అది వాటిని ఖాళీలు పెట్టి మళ్లీ ఒకే లైనుగా కుట్టేస్తుంది. అవతలి ఒడ్డున ఆ లైనును చదివేది మళ్లీ షెల్లే. ఇంటి ముందు తలుపు వేసి పెరటి తలుపు తీసినట్టు. నా రెండో పేజీని రాసేటప్పుడు ఇది తెలుసుకోవడానికి మూడు రోజులు పట్టింది. నెల పక్కన సెమికోలన్ పెట్టి నా పెట్టె మీద నేనే పరీక్షించుకుంటే జాబితా పద్ధతిలో కూడా రెండో ఆజ్ఞ నడిచింది. కళ్లారా చూశాక గానీ నమ్మలేదు.

దీనికి మందు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లోనే ఉంది. పెట్టె దగ్గర, నా తాళం కప్ప రాసి ఉన్న ఫైలులో, ఆ కప్ప ముందు ఒక ప్రోగ్రాం పేరు రాసిపెట్టొచ్చు. ఈ చెవితో ఎవరొచ్చినా, ఏం అడిగినా, ఆ ప్రోగ్రాం ఒక్కటే నడవాలని దాని అర్థం. వచ్చినవాడు అడిగిన మాటను ఆ ప్రోగ్రాంకు ఉత్త మాటగా అందిస్తుంది. మా పెట్టెల్లో ఆ ప్రోగ్రాం నలభై లైన్లు లేదు. దానికి తెలిసినవి ఐదు మాటలు. స్లిప్పుల ప్రోగ్రాంను లేపడం, వెన్న మిషనును లేపడం, చోటు ఎంత ఉందో చెప్పడం, సర్వరుకు లెక్క పంపడం, పెట్టెనే ఒకసారి ఆపి లేపడం. అడిగిన మాట ఈ ఐదింటిలో ఒకటైతే ఆ పని చేస్తుంది. ఇంకేదైనా అయితే వద్దని చెప్పి, ఎవరు ఏమడిగారో రాసిపెట్టుకుంటుంది. స్లిప్పులు చెరిపే మాట అందులో లేదు. చెరపడం ఇప్పుడు పెట్టె తానే చేస్తుంది, అదీ ఆ నెల లెక్క సర్వరుకు చేరిందని రసీదు వచ్చాకే. పేజీ నుంచి ఆజ్ఞలు వెళ్లడం అలా ఆగింది. పని పేరు మాత్రమే వెళ్తుంది.

తాళంచెవి ఎక్కడుండాలన్నది ఇంకో సంగతి. మొదటి పేజీలో వెబ్ సర్వరు ఉన్న కంప్యూటరులోనే పెట్టాను. లోకమంతా తలుపు తట్టే ఇల్లు అది. అక్కడ ఎవరైనా దూరితే 46 ఊళ్లూ వాళ్లవే. ఇప్పుడు పేజీ చేసేది ఒక చీటీ రాసి క్యూలో వెయ్యడమే. ఎవరు, ఏ ఊరు, ఏ పని. చెవి వేరే కంప్యూటరులో, బయటి నెట్‌కు కనిపించని చోట ఉంటుంది. అక్కడున్న ప్రోగ్రాం ఆ చీటీలు ఒక్కొక్కటే తీసుకుని పని చేయించి, జవాబు అదే చీటీ మీద రాస్తుంది. పేజీ ఆ చీటీ తీసి జవాబు చూపిస్తుంది.

ఈ చీటీల పద్ధతి ఇంకో పెద్ద బాధ తీర్చింది. వెబ్ పేజీకి ఓపిక తక్కువ. ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి సర్వరు మామూలుగా వెనకున్న ప్రోగ్రాం నుంచి 60 సెకన్లు ఏ కబురూ రాకపోతే టైమౌట్ చూపించి చేతులెత్తేస్తుంది. అవతల పెట్టెలో పని మాత్రం నడుస్తూనే ఉంటుంది. నొక్కిన మనిషికి పేజీలో తప్పు కనిపిస్తుంది, ఎదురుగా లైను కనిపిస్తుంది. ఏం చేస్తాడు? మళ్లీ నొక్కుతాడు. పొదిలి దగ్గర ఒక కేంద్రంలో పెట్టెను ఆపి లేపే మీట మూడుసార్లు పడింది. లేస్తున్న పెట్టె మళ్లీ పడిపోయి, మళ్లీ లేచి, మళ్లీ పడిపోయింది. ఇప్పుడు ఒక ఊరికి ఒక చీటీ నడుస్తుండగా అదే మీట నొక్కితే ఇప్పటికే నడుస్తోంది, ఇన్ని సెకన్లయింది అని కనిపిస్తుంది. ఆ సెకన్ల అంకె కదులుతుంటే మనిషి ఆగుతాడు. ఎన్ని పరీక్షలు చేసినా తెలియని ఈ సంగతి నాకు పాలకేంద్రం అరుగు మీద తెలిసింది.

జవాబు ఎలా చెప్పాలన్నది కూడా నేను తేలిగ్గా తీసుకోలేదు. యూనిక్స్ లోకంలో పని ముగిశాక ప్రతి ప్రోగ్రాం ఒక అంకె ఇస్తుంది. సున్నా వస్తే అంతా క్షేమం. ఇంకే అంకె వచ్చినా ఏదో తేడా. ఎస్‌ఎస్‌హెచ్ 255 ఇస్తే సాధారణంగా దారే కుదరలేదని. వీటిని తెలుగు మాటల్లోకి మార్చి చూపిస్తాం. పెట్టె దొరకలేదు, సిమ్ సిగ్నల్ చూడండి. పెట్టె దొరికింది, ప్రింటరు వైరు చూడండి. మధ్యలో సొరంగం తెగిపోతే పని అయిందో లేదో మాకే తెలియదు. అప్పుడు పసుపు రంగులో తెలియలేదు అనే రాస్తాం. అయిందనీ కాలేదనీ ఊహించి రాసే హక్కు మాకు లేదు.

పేరున్న కంపెనీలకూ ఇవే దెబ్బలు తగిలాయి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పనిచెయ్యని రెండో డేటాబేస్ సర్వరులో ఫోల్డరు చెరపబోయి, అసలైన మొదటిదాంట్లో ఆ ఆజ్ఞ కొట్టాడు. రెండిటి పేర్లకూ ఒక్క అంకె తేడా. క్షణాల్లో తెలిసి ఆపాడు, అప్పటికే సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. పెట్టుకున్న బ్యాకప్ పద్ధతులు అక్కరకు రాలేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు వేరే పనికి తీసిన నకలు ఉంది కాబట్టి అక్కడిదాకా తిరిగి వచ్చింది. జరిగిందంతా ఆ సంస్థ దాచకుండా రాసింది. దాన్ని నేను చాలాసార్లు చదివాను. మా పెట్టెలకూ అప్పుడు అంకెలే పేర్లు. అది చదివాకే పేజీలో అంకెలు తీసేసి ఊరి పేరు పెద్ద తెలుగు అక్షరాల్లో పెట్టాను. కింద చివరి స్లిప్పు ఎన్నింటికి వచ్చిందో, దాని మీద వెన్న ఎంతో. నొక్కేవాడు ఒక్క చూపులో తన ఊరేనని పోల్చుకోవాలి.

ఆ తర్వాత నెల తిరక్కముందే, ఫిబ్రవరి 28న, అమెజాన్ ఎస్-3 సేవలో ఒక ఉద్యోగి కొద్ది సర్వర్లను పక్కకు తీసే ఆజ్ఞ ఇస్తూ ఒక విలువ తప్పు కొట్టాడు. అనుకున్న దానికన్నా చాలా ఎక్కువ సర్వర్లు దిగిపోయాయి. సుమారు నాలుగు గంటలు అమెరికాలో ఎన్నో వెబ్‌సైట్లు మూగబోయాయి. తర్వాత వాళ్లు చేసిన మార్పు నాకు బాగా నచ్చింది. ఆ పనిముట్టు ఇక సర్వర్లను నెమ్మదిగానే తీస్తుంది, ఉండాల్సిన కనీస సంఖ్య కిందికి పోనివ్వదు. తప్పు కొట్టిన మనిషిని సరిచెయ్యాలని చూడకుండా పనిముట్టును సరిచేశారు. మా పేజీలోనూ అన్ని ఊళ్లకూ ఒకేసారి వర్తించే మీట లేదు. ఎంత పై అధికారి అడిగినా పెట్టలేదు. పాలు పోసే వేళల్లో, పొద్దున్న అయిదు నుంచి ఎనిమిది దాకా, పెట్టెను ఆపి లేపే మీట ఆ ఊరి సెక్రటరీ పేరుతో లాగిన్ అయితే తప్ప కనిపించదు. ఎందుకంటే ఆ వేళ ఎదురుగా ఎంతమంది నిలబడి ఉన్నారో కనిపించేది ఆమెకే.

2024 మార్చి చివర్లో అసలు దారికే ఎవరో కన్నం వెయ్యబోయారని తెలిసింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న కుదింపు ప్రోగ్రాంలో ఒక దొంగ తలుపు పెట్టారు. అప్పట్లో కొన్ని లినక్స్‌లలో ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు దాని మీద ఆధారపడేది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన లాగిన్లు అరసెకను ఆలస్యమవుతున్నాయని గమనించి తవ్వితే బయటపడింది. మేం వాడే డెబియన్ స్థిర వెర్షన్‌లోకి అది చేరలేదు. అయినా ఆ వారం ప్రతి పెట్టెనూ చూసుకున్నాను. అరసెకను తేడాను పట్టించుకున్న ఆ మనిషికి ఎప్పటికీ కృతజ్ఞుణ్ని.

పోయిన వారం ఒక రోజు ఏడింటికి లేచాను. పేజీ లాగ్ చూస్తే 5:14కి ఒక లైను ఉంది. ఊరి పేరు, అక్క పేరు, స్లిప్పుల ప్రోగ్రాం, సున్నా, 4 సెకన్లు. ఫోన్ మోగలేదు. ఎనిమిదింటికి అక్కే చేసింది, వేరే పని మీద. "తమ్ముడూ, పాత స్లిప్పు మళ్లీ తీసే మీట ఒకటి పెట్టకూడదా? తాత స్లిప్పు నీళ్ల తొట్లో పడింది. ఒకటే ఏడుపు." ఆరో మాట అన్నమాట. రాయడం గంట పని. కాకపోతే ఒకే పాలకు రెండు స్లిప్పులు బయట తిరుగుతాయి. రెండో దాని మీద నకలు అని పెద్దక్షరాల్లో రావాలి, ఎవరు తీశారో ఉండాలి, ఎన్నిసార్లు తియ్యొచ్చో ఎవరో ఒకరు చెప్పాలి. అది నేను ఒక్కణ్నీ తేల్చేది కాదక్కా, కమిటీ చెప్పాలి అన్నాను. పదో తారీఖున కూర్చుంటారు. అప్పటిదాకా అక్క నోటు పుస్తకంలో రాసి, తాత వేలిముద్ర వేయించుకుంది.